పాదం ముందు భాగంలో నొప్పి: కారణాలు, చికిత్స

నడకలో మడమ లేచిన ప్రతిసారీ శరీర భారమంతా కాలివేళ్ల మొదళ్ల మీదికి వస్తుంది. దానిని మోసేవి పాదంలోని ఐదు మెటాటార్సల్ ఎముకల చివరలు, వాటి కింద మెత్తలా ఉండే కొవ్వు పొర. అక్కడ కలిగే నొప్పిని వైద్య పరిభాషలో మెటాటార్సాల్జియా అంటారు. ఇది లక్షణానికి పెట్టిన పేరే తప్ప వ్యాధి పేరు కాదు. అందువల్ల కారణం తెలుసుకోకుండా నొప్పి మాత్రలతో సరిపెట్టుకోవడం తాత్కాలిక ఉపశమనమే.

చాలామందిలో మూలం, భారం ఒకేచోట పడటం. ఎత్తు మడమల చెప్పులు బరువును ముందుకు నెడతాయి. బొటనవేలు పక్కకు ఒరిగినవారిలో అది తన వాటా మోయలేక, ఆ ఒత్తిడి రెండో వేలి మొదటికి మారుతుంది. అక్కడ ఆనె కాయడం దీనికి గుర్తు. ఒత్తిడి తగ్గనంతకాలం ఆనెను ఎన్నిసార్లు తీయించినా మళ్లీ వస్తుంది. పిక్క కండరాల బిగుతు, అధిక బరువు కూడా నొప్పిని పెంచుతాయి.

మూడు, నాలుగు వేళ్ల మధ్య మంట, తిమ్మిరి, చెప్పులో గులకరాయి ఉన్న భావన కలిగితే మోర్టన్ న్యూరోమాను అనుమానిస్తారు. అమెరికా వైద్యుడు థామస్ జార్జ్ మోర్టన్ 1876లో ఈ బాధను వర్ణించారు. ఇది కేన్సర్ కాదు; ఒత్తిడికి నరం చుట్టూ కణజాలం మందమవుతుంది. నడక, పరుగు హఠాత్తుగా పెంచినవారిలో ఎముక సన్నగా చిట్లవచ్చు. తొలి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు. బొటనవేలి మొదలు రాత్రికి రాత్రే ఎర్రబడి వాస్తే గౌట్, రెండు పాదాలూ ఉదయంపూట బిగుసుకుంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ కారణం కావచ్చు.

విశ్రాంతి, వెడల్పైన ముందుభాగం గల పాదరక్షలు, పిక్కలను సాగదీసే వ్యాయామాలతోనే ఎక్కువమందికి గుణం కనిపిస్తుంది. మెత్తను నొప్పి ఉన్నచోటే పెట్టుకోవడం సాధారణ పొరపాటు. ఎముక చివరలకు కాస్త వెనుకగా అమర్చితేనే భారం వాటిపై నుంచి తొలగుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పదేపదే తీసుకుంటే కొవ్వు పొర క్షీణిస్తుంది. శస్త్రచికిత్స చివరి మార్గం. న్యూరోమాను తొలగిస్తే వేళ్ల మధ్య స్పర్శ పోవచ్చు.

మధుమేహులకు ఈ లెక్క వర్తించదు. నరాలు దెబ్బతిన్న పాదంలో నొప్పే తెలియదు. ఆనె కింద పుండు మొదలైనా గమనించరు. అలాంటివారు రోజూ అరికాలు చూసుకోవాలి, బ్లేడుతో గానీ ఆనె మందుతో గానీ స్వయంగా ఆనె తీసుకోరాదు, మెత్తని ఎంసీఆర్ చెప్పులను ఇంట్లోనూ వాడాలి. పాదం వేడెక్కి వాచినా, చర్మం రంగు మారినా నొప్పి లేదని ఆగకుండా అదే రోజు వైద్యుణ్ని కలవాలి.