అనంతగిరి ఘాట్ దగ్గర ఆగిపోయిన బటన్

ఈరోజు ముచ్చట ఒక చిన్న బటన్‌ది. కొత్త లారీల స్టీరింగ్ మీద ఉంటది, పేరు క్రూయిజ్ కంట్రోల్. స్పీడ్ ఒకసారి సెట్ చేస్తే చాలు, యాక్సిలేటర్ మీంచి కాలు తీసేయొచ్చు.

మా మేనమామ తాండూరు నుంచి హైదరాబాద్‌కు నాపరాళ్లు తోలుతడు. పోయినేడు కొత్త లారీ చేతికొచ్చింది. "అల్లుడా, కాలుకు రెస్ట్ దొరికిందిరా" అన్నడు. నేను పక్క సీట్లో ఉన్నా. ధారూరు దాటేదాకా మస్తుగుంది. అనంతగిరి ఘాట్ మొదలవంగనే స్పీడ్ జారింది. బటన్ ఏం చేసింది? డీజిల్ ఇంకా ఇంకా పోసింది, గేరు మాత్రం అదే టాప్ గేరు. ఇంజిన్ గుర్రుమని మొరాయించింది, క్రూయిజ్ దానంతటదే ఆఫ్ అయింది. మామ గేరు దించేసరికి ఆలస్యమై, బండి ఎక్కుడు మధ్యలో నిలబడిపోయింది. వెనక నిండా జనంతో బస్సు. లారీ ఒక అడుగు వెనక్కి జారి బ్రేకుకు ఆగింది. ఆ ఒక్క అడుగు నాకింకా గుర్తుంది.

ఇంటికొచ్చి ఈ బటన్ చరిత్ర వెతికిన. దీన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్‌కు చూపు లేదు! అమెరికాలోని ఇండియానా మనిషి. ఐదేళ్ల వయసులో ప్రమాదంలో కళ్లు పోయినా, 1912లో ఇంజినీరింగ్ పాసయ్యాడు. ఆయన లాయర్ కారు నడుపుతూ మాట్లాడితే స్పీడ్ తగ్గేదట, వింటుంటే పెరిగేదట. ఆ కుదుపులు భరించలేకే ఈ ఆలోచన వచ్చిందని చెప్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో టైర్లు, పెట్రోల్ ఆదా కోసం అక్కడ గంటకు 35 మైళ్ల పరిమితి పెట్టారు, దాంతో స్పీడ్ నిలకడ ఇంకా అవసరమైంది. 1950లో పేటెంట్, 1958లో క్రైస్లర్ కార్లలోకి. అసలు మూలం ఇంకా పాతది: 1788లో జేమ్స్ వాట్ స్టీమ్ ఇంజిన్‌కు తగిలించిన తిరిగే గుండ్ల గవర్నర్. స్పీడ్ పెరిగితే ఆవిరి తగ్గిస్తది, తగ్గితే పెంచుతది.

గమనించారా? రెండూ చూసేది ఇప్పటి స్పీడునే. ముందున్న గుట్టను కాదు. అమెరికా పొడుగాటి హైవేల మీద అది సరిపోయింది. మన అనంతగిరి అట్ల కాదు. మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే. ఇటు హైదరాబాద్ దిక్కు మూసీ, అటు తాండూరు దిక్కు కాగ్నా. అంటే నీళ్లనే రెండు దిక్కులకు పంచే ఎత్తు అది!

దిగేటప్పుడు ఇంకా కష్టం. మామూలు క్రూయిజ్ డీజిల్ ఆపగలదు గానీ, వెనక నుంచి నెట్టే లోడును ఆపలేదు. బ్రేకు తొక్కుతూనే ఉంటే లైనర్లు కాలి పట్టు పోతది. అందుకే పాత డ్రైవర్లు దిగుడు మొదలుకాకముందే చిన్న గేరేసి, ఎగ్జాస్ట్ బ్రేక్ నొక్కుతారు. 2012లో మెర్సిడెస్ మ్యాపులో ఎత్తుపల్లాలు చూసుకొని ముందే గేరు మార్చే క్రూయిజ్ తెచ్చింది. మామకు చెప్తే నవ్విండు.

"నలభై ఏళ్లుగా ఆ మ్యాపు నా కాలులోనే ఉందిరా."

ఇప్పుడు కెరెల్లి రాకముందే మామ బటన్ ఆపేస్తడు. ధారూరు దాకా మాత్రం వాడతడు, మోకాలి నొప్పి మరి.