నూలు వడికినవాళ్ల పద్దు

బందరు చరిత్ర రాసినవాళ్లంతా ఓడలతోనే మొదలుపెడతారు. 1605-06లో డచ్చివాళ్లు వచ్చారు. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్లు దిగారు. కలంకారీ సముద్రాలు దాటింది. ఆ తర్వాత కంపెనీ పాలన, సీమ గుడ్డ, నేతగాళ్ల పతనం. ఈ కథలో నేతగాడున్నాడు, దుబాసీ ఉన్నాడు, దొర ఉన్నాడు. నూలు వడికిన స్త్రీ మాత్రం లేదు. స్వేచ్ఛా వాణిజ్యం పేరుతో పేద దేశాలను దోచినందుకు బాధ్యులెవరన్న ప్రశ్నను ఆమె పక్కన నిలబడి అడిగితే జవాబు కొంత మారుతుంది.

ఒక మగ్గం ఆడాలంటే ఎన్నో రాట్నాలు తిరగాలి. నాగపూరు, బీరారు వైపు నుంచి బంజారాల ఎద్దులమీద పత్తి తీరానికి దిగివచ్చేది. దాన్ని ఏకి వడికినవాళ్లు స్త్రీలు. ఒక కులానికే పరిమితం కాని పని అది. దిక్కులేని వితంతువుకీ, పొలం పనికి పోలేని ముసలమ్మకీ అదే గంజి నీళ్లు. కానీ కంపెనీ బయానా ఇచ్చింది నేతగాడి పేరున. అందుకే చిట్టాలో అతని అప్పు కనిపిస్తుంది, ఆమె కూలి కనిపించదు. ఉత్తర కోరమాండల్ నేతగాళ్లమీద పొటుకూచి స్వర్ణలత 2005లో ప్రచురించిన పుస్తకం చదివితే, వాళ్లు అర్జీలు పెట్టుకోవడం, మగ్గాలు ఆపడం, ఊళ్లు విడిచిపోవడం తెలుస్తుంది. రాట్నం ముందున్న స్త్రీకి ఆ దారీ లేదు. యజమానే లేనప్పుడు ఎవరిమీద తిరగబడుతుంది?

ఇక 'స్వేచ్ఛ' సంగతి. మన అద్దకపు గుడ్డ దిగుమతిని 1700లో ఇంగ్లండు చట్టం చేసి నిషేధించింది. 1721లో అలాంటి గుడ్డ కట్టుకోవడాన్నే నిషేధించింది. మధ్యలో 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లో కాలికో కట్టుకున్న స్త్రీలను వెంటాడి బట్టలు చింపారు. తమ బతుకు చెడిందన్న కోపం నిజమే. అది తీర్చుకోవడానికి వాళ్లకు దొరికింది ఆడవాళ్ల ఒంటిమీది గుడ్డ! తమ మిల్లులు ఎదిగాక అదే దేశానికి స్వేచ్ఛా వాణిజ్యం గుర్తొచ్చింది. 1813 చార్టర్ చట్టం ఇండియాతో వ్యాపారంలో కంపెనీ గుత్తాధిపత్యాన్ని తీసేసింది. 1833 నాటి చట్టంతో కంపెనీ వ్యాపారమే మానుకుంది. వాళ్ల గుడ్డ ఇక్కడికి స్వల్ప సుంకంతో వచ్చింది, మన గుడ్డకు అక్కడ భారీ సుంకాలు. పైగా ఇక్కడ మగ్గంమీద మోతర్ఫా పన్ను. మర నూలు దిగాక నేతగాడు దాన్ని కొని నేసి ఎలాగో నిలబడ్డాడు, పెడన మగ్గాలే సాక్ష్యం. వడికే స్త్రీకి ఆ మర నూలే పోటీ. 1832-33లో నందన కరువు వచ్చేనాటికి, ఆపత్కాలంలో ఆదుకోవాల్సిన ఆ కాస్త సంపాదనకూ గండి పడుతూ ఉంది.

మరి బాధ్యులెవరు? చట్టాలు చేసిన పార్లమెంటు, మన శిస్తుతో మన గుడ్డనే కొన్న కంపెనీ ముందు వరసలో ఉంటాయి. బయానాలు పంచి లాభం మిగుల్చుకున్న మన దళారులు, శిస్తు పిండిన జమీందార్లు ఆ వెనకే. వడకడాన్ని 'తీరిక వేళ పని' అనుకుని దానికి లెక్కే కట్టని ఇల్లు కూడా ఆ వరసలోదే. స్త్రీవాద తాత్వికురాలు ఐరిస్ మేరియన్ యంగ్ 2006లో ఒక తేడా చూపించింది: నేరం మోపడం వేరు, అన్యాయాన్ని నడిపించే వ్యవస్థలో మన పాలు మనం మోయడం వేరు. ఎవరి చేతిలో ఎంత అధికారం, ఎంత లాభం ఉంటే వాళ్ల పాలు అంత ఎక్కువ. దీన్ని 'అందరూ బాధ్యులే' అని చేతులు దులుపుకోవడానికి వాడుకోకూడదు.

ఈ లెక్క పాతబడలేదు. 1990ల నుంచి దివిసీమలో, బందరు తీరంలో, గుడివాడ చుట్టుపక్కల ఎన్నో వరిచేలు రొయ్యల, చేపల చెరువులయ్యాయి. నాట్లు, కలుపు, కోత అనే స్త్రీల కూలి పనులు ఆ చెరువుల్లోనే మునిగాయి. వాళ్లకు మిగిలింది ఎక్కువగా రొయ్యల తలలు తుంచి, పొట్టు వలిచే షెడ్లు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వాటికి రిజిస్ట్రేషన్ దారి చూపింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుమీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ ఏడాది సుంకాల దెబ్బకు చెరువుగట్టు దగ్గర ధర పడింది. వాకిలి తెరిచేదీ మూసేదీ 1700లో లాగే అవతలివాళ్లే.

రొయ్యల ధర గురించి జరిగే చర్చల్లో ఎగుమతిదారులుంటారు, అధికారులుంటారు, అప్పుడప్పుడు రైతులూ ఉంటారు. కిలోకి వలుపు కూలి ఎంత, సుంకం పెరిగితే అందులో ఎంత కోత పడుతుంది అన్న ప్రశ్న అక్కడ వినిపించాలి. కంపెనీ చిట్టాలో రాట్నం కూలికి పద్దు లేకపోవడాన్ని మనం ఇప్పుడు దిద్దలేం. ఈ పద్దు రాయించడం మన చేతిలోనే ఉంది.