గోడ నునుపు - ధూళి

సంస్కృతమున 'సుధ' యనగా అమృతము. సున్నమునకును అదియే పేరు. సుధచే పూయబడినది గనుక ధనికుల మేడకు 'సౌధ'మను నామము కలిగినది. గోడపూతకును దేవతల పానమునకును ఒకే పేరు పెట్టిన మన పెద్దలు ఆ పూతను ఎంత శ్రద్ధతో చేయించిరో శ్రోతలు ఊహింపగలరు.

మన జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల పాత గడీలలోను మిద్దెలలోను వాడినది డంగుసున్నము. కాల్చిన సున్నపురాతిని గుంతలో నీరుపోసి చల్లార్చి, కొన్నిదినములు నాననిచ్చి, ఇసుకతో కలిపి, గుండ్రని రాతికాలువలో ఎద్దులు లాగు బండచక్రముక్రింద నూరెడివారు. బెల్లపునీరు, కరక్కాయ కషాయము అందు కలుపుటయు కలదు. పైపూతను సన్నపు సున్నముతో వేసి, తడి యారకముందే తాపీతోను నున్నని గులకరాతితోను మరల మరల రుద్దెడివారు. గోడ అద్దమువలె మెరసెడిది. ఇట్లు రుద్దునపుడు ఊడిన సున్నము ముద్దయై క్రిందబడునే గాని గాలిలో లేవదు. మేస్త్రీ రోగభయముచే ఇట్లు చేసెనని నేననుకొనను. ఆరిన సున్నమునకు మెరుపు రాదు గనుక చేసెను. ఏమైనను వాని రొమ్మునకు మేలే జరిగినది.

పూర్వకాలమంతయు ఆరోగ్యకాలమనుట మాత్రము నాకు సమ్మతము కాదు. సున్నము జల్లెడపట్టువాడును, రాతిని చెక్కువాడును ఎల్లకాలమును ధూళిని మ్రింగినవారే. ఇంగిలీకమును శుద్ధిచేయు పనివారు విషధూళి లోనికి పోకుండ పశువుల మూత్రాశయపు తోలును ముఖమునకు కట్టుకొనిరని రోముదేశపు ప్లినీ మొదటి శతాబ్దిలోనే వ్రాసెను. 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జీని వృత్తిరోగములపై గ్రంథము ప్రకటించి, జిప్సము, సున్నము పనివారికి అందు ఒక ప్రకరణమే కేటాయించెను. నార దువ్వువారి దగ్గును గూర్చియు వ్రాసెను. మగ్గములచెంత నూలుపొట్టు పీల్చు సిరిసిల్ల నేతగాండ్రకు ఆ మాట వివరింప నక్కరలేదు.

పని వరుస తలక్రిందులైనది అమెరికాలో. 1894లో సాకెట్టు అనునతడు కాగితపు పొరలనడుమ జిప్సమును చేర్చి పలకలు చేయుటకు హక్కుపత్రము పొందెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇండ్లు త్వరగా కావలసివచ్చి ఆ పలకలు దేశమంతట వ్యాపించినవి. పలకల అతుకులను లేపముతో నింపి, ఆరిన పిదప గరుకుకాగితముతో రుద్దవలెను. తడిలో తీరవలసిన నునుపు పొడిలో తీరుటచే గదియంతయు తెల్లని పొగమంచు కమ్మును. ఆ లేపమున సుద్ద, అభ్రకము, బలపపురాతి పొడి ఉండును. కొన్నింట స్ఫటికపు పొడియు నుండును. ఒకప్పుడు రాతినారయు కలిపెడివారు. దాని హానిని 1975లో అమెరికా శాస్త్రజ్ఞులు పరీక్షించి ప్రకటింపగా, 1977లో అక్కడి ప్రభుత్వము అట్టి లేపములను నిషేధించెను. అంతవరకు రుద్దినవారి మాట యేమి? ఆ నార రొమ్ములో చేరిన పిదప వ్యాధి బయటపడుటకు ఇరువది, ముప్పది యేండ్లు పట్టును.

ఇదంతయు దూరదేశపు ముచ్చట కాదు. చమురు ధర పెరిగిన 1973 తరువాత మన మూడు పట్టణములనుండియు, చుట్టుపట్ల పల్లెలనుండియు వేలకొలది యువకులు గల్ఫు దేశములకు పోయిరి. ఏ దేశము పోయినను మనవారు 'దుబాయి పోయినా'డనియే యందురు. కట్టడపు పనులే పలువురకు దొరకినవి. ఇక్కడ ఇంటిపట్టున నున్నవారును నేడు గోడలకు లప్పము పెట్టి, ఆరిన పిదప రుద్దుచున్నారు. ముక్కునకు తువాలు చుట్టుకొనుట చాలునని వారి నమ్మకము. మిల్లీమీటరులో నూరవవంతుకంటె సన్నని రేణువులే ఊపిరితిత్తుల లోతునకు పోవును. తువాలు నేత వానిని ఆపజాలదు.

ఆపు ఉపాయములు లేకపోలేదు. రుద్దు పలకకే గాలిని పీల్చు గొట్టము తగిలించినచో ధూళి నూటికి 80 మొదలు 97 పాళ్లవరకు తగ్గునని అమెరికా ప్రభుత్వపు వృత్తిరక్షణ పరిశోధనాసంస్థ 1999లో ప్రకటించినది. ఆ యంత్రము మన మేస్త్రీలకు అందనిచో తడిపిన స్పంజితో రుద్దవచ్చును. పని కొంత నెమ్మదించును; నీరు మించినచో అతుకు కాగితము చెడును. అయినను పాత మేస్త్రీ గులకరాతి పద్ధతికి ఇది దగ్గరచుట్టమే. పొడిగనే రుద్దవలసివచ్చినపుడు సన్నధూళినాపు ముఖకవచము చెంపలకు బిగువుగ నంటియుండవలెను. పని ముగిసిన పిదప చీపురుతో ఊడ్చినచో దిగిన ధూళి మరల లేచును గనుక నేలను తడిగుడ్డతో తుడువవలెను. పనిబట్టలను అక్కడనే విడిచి, పసిపిల్లల బట్టలతో కలుపక వేరుగ ఉతుకవలెను.