సముద్రము దాటిన తప్పెట



మా నల్లమాడ సీమలో వాన కురియని యేడు కలదు గాని తప్పెట మ్రోగని యేడు లేదు. జాతరనాడు వాద్యకాండ్రు గడ్డిమంట వేసి, తప్పెట కాచి, తోలు బిగిసిన పిమ్మట రెండు పుల్లలతో వాయించుట మీ రెఱిగినదే. ఈ దృశ్యమే భూగోళపు టావలి ప్రక్కనున్న గయానా దేశమందును నేటికిని కానవచ్చును. అది యచ్చటి కెట్లు చేరినదో మనవి చేసెదను.

బ్రిటిషువారు 1834లో బానిసత్వమును రద్దుచేసిరి. చెఱకుతోటలకు కూలీలు కావలసివచ్చి, 1838 మొదలు మనదేశీయులను ఒప్పందముపై ఓడలనెక్కించిరి. 1845 నుండి మదరాసు రేవునను ఓడలు కదలినవి. 1917లో ఈ వలస నిలుచునాటికి గయానాకు సుమారు 2,39,000 మంది, ట్రినిడాడు ద్వీపమునకు సుమారు 1,44,000 మంది చేరిరి. వారిలో పెక్కురు ఉత్తరదేశీయులు. మదరాసున నెక్కిన అరవవారిని, తెలుగువారిని కలిపి ‘మదరాసీ’లనిరి. వారి మునిమనుమలకు మాతృభాష నోట నిలువలేదు. కాని గయానాలోని కాళీపూజయందు మేకతోలు వాద్యము నిలిచినది. దానిని నిప్పుసెగకు కాచి, రెండు పుల్లలతో వాయింతురు. దానిపేరు ‘తప్పు’, మన తప్పెటకు తోబుట్టువు.

ట్రినిడాడునకు ఉత్తరదేశపు తాసా చేరినది. అచ్చటి మొహరము పండుగను ‘హోసే’ యందురు. మన గూగూడు కుళ్లాయిస్వామి పీర్లపండుగయందువలె, అందును హిందువులు పాల్గొనిరి. ఊరేగింపులు పట్టణము చొరరాదని దొరతనమువారు శాసింపగా, 1884 అక్టోబరు 30వ తేదీన జనులు శాన్ ఫెర్నాండో పట్టణమువైపు కదలిరి. పోలీసులు తుపాకులు కాల్చిరి. కనీసము 16 మంది మడిసిరి. ఐనను తాసా మూగవోలేదు.

ఆ కాలముననే ఆఫ్రికా సంతతివారి చర్మవాద్యములకును నిర్బంధములు కలిగెను. వారు వెదురుబొంగులు నేలకు మోది లయ నిలుపుకొనిరి. పిదప ఇనుపపీపాలనే వాద్యములుగా మలచిరి. ఇరువురిదియు ఒకే కష్టము గనుక లయలు కలిసినవి. నేటి తాసామేళమున తక్కినవారు నడక నిలుపుచుండగా, ‘కట్టరు’ అను నొక్కడు తన మనోధర్మముచే వాయించును. అతని దరువులలో ‘కాలిప్సో’ అను పేరుగలదియు నొకటి యున్నది. 1973లో లార్డ్ షార్టీ యను ఆఫ్రికా సంతతి గాయకుడు ‘ఇంద్రాణి’ యను పాటలో మన డోలకును చేర్చెను.

పెద్దలారా! వారు నుడిని కోల్పోయి వాద్యమును కాచుకొనిరి. మనకు నుడి యున్నది; వాద్యమో? నేను పెక్కేండ్లు బడిలో ఛందస్సు బోధించితిని. గురులఘువులను నల్లబల్లపై వ్రాసితిని. వాటిని తోలుపై పలికించు వాద్యకాడు వీథిలోనే యుండెను. అతని నొక్కనాడైనను బడిలోనికి పిలువనైతిని. ఆ లోపము నాది.

ఈ యేటి జాతరకు వాద్యకాని వీథిలో నిలిపి పంపివేయకుడు. అరుగుమీద కూర్చుండబెట్టుడు. కూలితోపాటు గౌరవమిచ్చి, ఏ యింటివారైనను సరే, ఇద్దఱు బాలురకు ఆ దరువులు నేర్పుమని యడుగుడు.