దయ్యం చేవ్రాలు

‘ది లాస్ట్ ఎగ్జార్సిజం’ (2010) చిత్రంలో భూతవైద్యం బూటకమని చూపించబోయిన మతబోధకుని వెంట ఒక కెమెరా పోతుంది. చివరకు ఆ కెమెరాయే దయ్యానికి సాక్ష్యం పలుకుతుంది. అది చూస్తూ నేను 1634 నాటి ఫ్రాన్సును తలచుకున్నాను.

లూడన్ పట్టణంలో సన్యాసినులకు దయ్యాలు పట్టించాడని ఉర్బేన్ గ్రాండియే అనే మతాచార్యునిపై అభియోగం. సాక్ష్యం? సైతానుతో ఒడంబడిక పత్రం, దయ్యాల చేవ్రాళ్లతో సహా! (లాటినును వెనుకనుంచి ముందుకు రాసిన ఆ దయ్యాలు ఏ బడిలో చదివాయో.) ఆ కాగితం ఎవరికి అక్కరకు వచ్చిందని అడిగితే కోటగోడలు కనపడతాయి. మంత్రి రిషెల్యూ వాటిని కూల్చమన్నాడు. గ్రాండియే కూల్చవద్దన్న వారి పక్షం. గోడలు కూల్పించడానికి వచ్చిన అధికారే విచారణకూ పెద్ద అయినాడు. చిత్రహింసలు పెట్టినా గ్రాండియే నేరం ఒప్పుకోలేదు. ఆగస్టు 18న సజీవంగా తగులబెట్టారు.

‘మంత్రగాడు’ బూడిదైనా, సన్యాసినులను దయ్యాలు మరి కొన్నేళ్లు వదలలేదు. జనం చూడవస్తూనే ఉన్నారు.