చిప్‌లో ఉందిలే అనుకున్న రెసిస్టర్

స్కోప్ ప్రోబ్‌ను ఐ2సీ డేటా లైను ఎస్‌డీఏకు తగిలిస్తారు. తెర మీద నిటారైన అంచులతో పల్సులు కనబడాలి. కనబడవు. సిగ్నల్ దిగేటప్పుడు ఠక్కున దిగుతోంది. ఎక్కేటప్పుడే బద్ధకం: వంపు తిరుగుతూ, ఐదు వోల్టులు అందుకోకముందే మళ్లీ కింద పడుతోంది.

బల్ల మీద ఏటీమెగా328పీ, మీటరు రిబ్బన్ కేబుల్ అవతల ఎల్‌ఎం75 ఉష్ణోగ్రత సెన్సర్. జానెడు జంపర్ వైర్ల మీద నిన్న చక్కగా పనిచేసింది. ఆర్డుయినో వైర్ లైబ్రరీ, లైనును పైకి లాగే లోపలి పుల్‌అప్ రెసిస్టర్లను తనే ఆన్ చేసేస్తుంది కదా, బయట రెసిస్టర్లు లేవన్న సంగతి ఎవరికీ పట్టలేదు. కేబుల్ పెరిగేసరికి రీడింగులు మధ్యమధ్య ఎగిరిపోతున్నాయి.

డేటాషీట్ తిరగేస్తారు. పుల్‌అప్ 20 నుంచి 50 కిలో ఓమ్‌లట. మీ చిప్‌లో ఎంతో, పక్క చిప్‌లో ఎంతో! మధ్యస్థంగా 35 వేసుకోండి. కేబుల్, పిన్నులు కలిపి 100 పికోఫారడ్లు. లైను లేవడానికి దాదాపు 3 మైక్రోసెకన్లు పడుతుంది. ఐ2సీ ప్రమాణం 100 కిలోహెర్ట్జ్ దగ్గర ఇచ్చిన గడువు ఒక్క మైక్రోసెకనే.

పసుపు, ఊదా, ఎరుపు చారలున్న 4.7కే రెసిస్టర్లు రెండు తీసి, ఎస్‌డీఏకొకటి, క్లాక్ లైను ఎస్‌సీఎల్‌కొకటి అతికిస్తారు. ఫ్లక్స్ పొగ తగ్గకముందే తెర మీద అంచులు నిక్కుతాయి. ఇప్పుడు 0.4 మైక్రోసెకన్లే.

పనిలో పనిగా రీసెట్ నొక్కండి. ఇదే చిప్ మాస్‌ఫెట్ ద్వారా నడిపే పంపు, మూలన, ఒక్కసారి గిర్రుమంటుంది. మీ కోడ్ ఇంకా మొదలే కాలేదు! బూట్‌లోడర్ దాదాపు సెకను ఎదురుచూస్తుంది. అంతసేపూ పంపు పిన్ను గాలిలోనే ఉంటుంది, మాస్‌ఫెట్ గేటు ఎటు తోస్తే అటు. కోడ్‌తో ఆన్ చేసే రెసిస్టర్, కోడ్ నడిచేదాకా లేనట్టే. పైగా ఈ చిప్‌లో కిందికి లాగే పుల్‌డౌన్ అసలే లేదు. గేటు నుంచి గ్రౌండుకు 10కే వేస్తారు. రీసెట్ మళ్లీ నొక్కితే పంపు కదలదు.

పుల్‌డౌన్ ఉన్న చిప్ కొంటే పోదా అంటారా? 2024లో పికో 2 బోర్డుతో వచ్చిన ఆర్‌పీ2350 చిప్ తొలి వెర్షన్‌లో లోపలి పుల్‌డౌన్ ఓడిపోయి, ఇన్‌పుట్ పిన్ను 2.2 వోల్టుల దగ్గరే ఇరుక్కునేది. 8.2కే లేదా అంతకన్నా తక్కువ రెసిస్టర్ బయట పెట్టుకోమని తయారీదారే ఎరాటాలో రాశారు.

ఇక ప్యానెల్ మీది బటన్ సంగతి. బోర్డుకు ఆనుకునే ఉందా, లోపలి పుల్‌అప్ చాలు. దానికి ఇంకో రెసిస్టర్ పెట్టడం దండగ. అదే బటన్ తీగ పంపు తీగ పక్కనే రెండు మీటర్లు పోతుంటే మాత్రం, పెట్టెలోంచి ఇంకో 4.7కే తీయండి.