డాక్టరేట్ తర్వాత 21 ఏళ్లు

అమెరికాలో 'కౌన్సెలర్ ఎడ్యుకేషన్ అండ్ సూపర్‌విజన్' అనే పేరుతో ఒక పిహెచ్.డి. ఉంది. కౌన్సెలర్‌గా పనిచెయ్యడానికి మాస్టర్స్ డిగ్రీ, లైసెన్సు చాలు. కౌన్సెలర్లను తయారుచేసేవాళ్లకి ఈ డాక్టరేట్. అందులో చేరిన ఒక స్నేహితురాలు ఫోన్ చేసి సూపర్‌విజన్‌కి తెలుగేమిటని అడిగింది. పర్యవేక్షణ అన్నాను. "ఆ మాటలో మేస్త్రీ కనబడుతున్నాడే" అంది. నిజమే. మన యూనివర్సిటీల్లో కూడా పర్యవేక్షణ అన్నది ఫారాల్లోనే ఉంటుంది, మాటల్లో 'మా గైడ్' అనే అంటాం.

ఆమె చెప్పేది వేరే సంగతి. కౌన్సెలర్ తన దగ్గరకొచ్చిన మనిషి మాట విన్నాక, తను మరొకరి ముందు కూర్చుంటుంది. ఎలా విన్నదో, ఎక్కడ వినలేకపోయిందో, ఎక్కడ తన సొంత గాయం అడ్డొచ్చిందో చెప్పుకుంటుంది. ఈ పద్ధతి ఎక్కడ మొదలయిందని వెతుక్కుంటూ పోతే నాకు 1913 నాటి ఒక థీసిస్ ఎదురయింది.

అది జెస్సీ టాఫ్ట్‌ది. 1882లో అయోవా రాష్ట్రంలోని డ్యూబ్యూక్‌లో పుట్టింది. కొన్నాళ్లు హైస్కూల్ టీచరు. తర్వాత షికాగో విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రంలో డాక్టరేట్. అక్కడ జార్జ్ హెర్బర్ట్ మీడ్ దగ్గర చదువుకుంది. 'నేను' అనేది పుట్టుకతో రాదు, ఇతరులతో సంబంధాల్లో రూపొందుతుంది అన్న మీడ్ ఆలోచనను టాఫ్ట్ స్త్రీల ఉద్యమానికి అన్వయించింది. వడకడం, నెయ్యడం లాంటి పనులన్నీ ఇంట్లోంచి ఫ్యాక్టరీలకి వెళ్లిపోయాయి, లోకం మారిపోయింది, కానీ స్త్రీ 'నేను'ని మాత్రం పాత ఇంటి కొలతలకే కుట్టి ఉంచారు. ఆమెలో కనిపించే అశాంతి ఆమె సొంత జబ్బు కాదు, ఆ రెండు లోకాలనీ కలపలేకపోతున్న సమాజానిది అని ఆమె వాదన. బెటీ ఫ్రీడన్ పుస్తకం 'ది ఫెమినైన్ మిస్టిక్' రావడానికి అప్పటికింకా 50 ఏళ్లుంది.

ఇంత రాసిన మనిషికి ఏ విశ్వవిద్యాలయంలోనూ చోటు దొరకలేదు. తత్వశాస్త్ర విభాగాల్లో స్త్రీలకు ఉద్యోగాలు దొరకడం చాలా అరుదు, అంతే. ఆమెకు దొరికిన పని న్యూయార్క్ రాష్ట్రం బెడ్‌ఫర్డ్ హిల్స్‌లో, శిక్షపడిన స్త్రీలను ఉంచే రిఫార్మేటరీలో అసిస్టెంట్ సూపరింటెండెంట్‌గా. అక్కడి సూపరింటెండెంట్ కాథరిన్ బెమెంట్ డేవిస్ కూడా షికాగో డాక్టరేటే, 1900లో, రాజకీయార్థశాస్త్రంలో. చదువుకున్న స్త్రీలు జైలు గేటు దగ్గర కలుసుకోవడం ఆ కాలంలో వింతేమీ కాదనుకుంటాను.

అక్కడ టాఫ్ట్ చేసిన ముఖ్యమైన పని వినడం. 1918లో ఫిలడెల్ఫియా వెళ్లి, తల్లిదండ్రుల దగ్గర పెరగలేని పిల్లలతో పనిచేసింది. 1926లో మనోవిశ్లేషకుడు ఆటో రాంక్ దగ్గర తనే విశ్లేషణకు కూర్చుంది. వినేవాళ్లు తమను తాము వినిపించుకోవాలన్న ఇంగితం ఆమెకు అక్కడ మరింత గట్టిపడి ఉండాలి. 1933లో వచ్చిన ఆమె పుస్తకంలో ఇద్దరు పిల్లలతో గడిపిన గంటల వివరం రోజు రోజుకీ రాసి ఉంటుంది. తను తడబడిన చోట్లు కూడా దాచుకోలేదు. సాయం చేసేవాళ్ల దగ్గర అన్నిటికీ జవాబు ఉండదు, ఒక హద్దున్న గంట, అందులో ఒక సంబంధం మాత్రమే ఉంటాయి అనే ఎరుకతో రాసిన పుస్తకం అది.

పెన్సిల్వేనియా స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌లో ఆమెకి పూర్తికాలం బోధన దొరికింది 1934లో. డాక్టరేట్ వచ్చిన 21 ఏళ్లకి.

ఆ స్కూల్లో ఆమె సహచరి వర్జీనియా రాబిన్‌సన్. ఇద్దరూ 1908లో షికాగోలో కలుసుకున్నారు. జీవితాంతం ఒకే ఇంట్లో ఉన్నారు, ఇద్దరు పిల్లల్ని దత్తత తీసుకుని పెంచారు. రాబిన్‌సన్ 1936లో సోషల్ కేస్ వర్క్‌లో సూపర్‌విజన్ గురించి ఏకంగా ఒక పుస్తకం రాసింది. అంతకుముందు ధర్మసంస్థల్లో పై ఉద్యోగి కింది ఉద్యోగి కేసు కాగితాలు తనిఖీ చెయ్యడమే ఎక్కువ. అచ్చంగా మా స్నేహితురాలి మేస్త్రీ. రాబిన్‌సన్ దాన్ని నేర్చుకునే సంబంధంగా మార్చి చూపించింది. కొత్తగా వచ్చిన అమ్మాయి తన భయాన్నీ, మొండితనాన్నీ ఆ గదిలోకి తెచ్చుకోవచ్చు. కానీ అది చికిత్స కాదు, అక్కడ నేర్చుకునే పని పనిగానే ఉంటుంది. ఈ గీత ఎక్కడ గియ్యాలన్న తర్జనభర్జన ఇవాళ్టి సూపర్‌విజన్ క్లాసుల్లో కూడా తెగలేదట.

ఇక కార్ల్ రోజర్స్ సంగతి. కౌన్సెలింగ్ అనగానే ప్రపంచమంతా చెప్పే పేరు ఆయనదే. రాచెస్టర్‌లో పిల్లల క్లినిక్‌లో పనిచేస్తున్నప్పుడు ఫిలడెల్ఫియాలో చదువుకొచ్చిన సోషల్ వర్కర్ల ద్వారా రాంక్, టాఫ్ట్‌ల ఆలోచనలు ఆయనకు చేరాయి. తన మీద ఆ ప్రభావం ఉందని రోజర్స్ దాచుకోలేదు కూడా. 1931లో డాక్టరేట్ పొందిన ఆయన 1940లో ఒహాయో స్టేట్‌లో నేరుగా పూర్తి ప్రొఫెసర్‌గా చేరాడు. 9 ఏళ్లు. ఈ లెక్క వేసి చూసుకున్నప్పుడు నాకు రోజర్స్ మీద కోపం రాలేదు గానీ, కాసేపు చదవడం మానేశాను.

తర్వాత కథ వేగంగా నడిచింది. 1957లో స్పుత్నిక్ ఎగిరింది. తెలివైన పిల్లల్ని సైన్సు వైపు మళ్లించడానికి స్కూలు కౌన్సెలర్లు కావాలని అమెరికా ప్రభుత్వం 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టం కింద వాళ్ల శిక్షణకి డబ్బిచ్చింది. శిక్షణ ఇవ్వడానికి ప్రొఫెసర్లు కావాలి, వాళ్లకి డాక్టరేట్లు కావాలి. సోషల్ వర్క్‌లో స్త్రీలు పెంచిన విద్య రక్షణ చట్టం వేసిన మరో దారిలో ఎడ్యుకేషన్ కాలేజీలకి చేరింది. 1981లో ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ కాక్రెప్ ఏర్పడింది. ఇప్పటి డాక్టరేట్ మాస్టర్స్ పైన కనీసం 48 క్రెడిట్లు, 600 గంటల ఇంటర్న్‌షిప్. కౌన్సెలింగ్, సూపర్‌విజన్, బోధన, పరిశోధన, నాయకత్వం అందులో ఐదు ప్రధానాంశాలు.

2013 జూలై నుంచి ఒక నిబంధన ఉంది. కాక్రెప్ గుర్తింపున్న కోర్సుల్లో కొత్తగా చేరే ప్రధాన అధ్యాపకులకి కౌన్సెలర్ ఎడ్యుకేషన్‌లోనే డాక్టరేట్ ఉండాలి. అప్పటికే పనిచేస్తున్నవాళ్లకి మినహాయింపు. అంటే తత్వశాస్త్రం డాక్టరేట్‌తో జెస్సీ టాఫ్ట్ ఇవాళ దరఖాస్తు పెడితే, తన ఆలోచనలు కలిసిన ఆ విద్యని చెప్పడానికి ఆమె అర్హురాలు కాదు.

ఈ మాట అంటే స్నేహితురాలు ఒప్పుకోలేదు. "నువ్వు సాహిత్యం మనిషివి, నీకు గేట్లంటే కోపం. మా కుర్చీల్లో ఏళ్ల తరబడి సైకాలజీవాళ్లు కూర్చుని, మా పనిని రెండో రకంగా చూశారు. కౌన్సెలర్లలో ఎక్కువమంది ఆడవాళ్లే కదా, పైమెట్టు మాత్రం వేరేవాళ్లదా? ఈ డిగ్రీ లేకపోతే నన్నెవరు పిలుస్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. 1913లో టాఫ్ట్ దగ్గర డిగ్రీ ఉంది, పిలిచినవాళ్లు లేరు. డిగ్రీ పేరు మార్చి గేటు తామే కట్టుకుంటే ఆ పిలుపు వస్తుందేమో. ఆ గేటు బయట ఎవరు నిలబడ్డారో చూడటం కూడా నేర్పుతారా అన్నది నా అనుమానం.

టాఫ్ట్ 1960లో చనిపోయింది. ఆమె రాసినవాటిని కూర్చి, జీవితాన్ని చెప్పి 1962లో పుస్తకం వేసింది రాబిన్‌సన్. స్నేహితురాలి మొదటి సెమిస్టర్ పాఠాల్లో రోజర్స్ ఉన్నాడు, ఈ ఇద్దరూ లేరు. తన సెమినార్ పేపర్ రాబిన్‌సన్ 1936 పుస్తకం మీద రాస్తానంటోంది. సూపర్‌విజన్‌ని 'చెప్పుకోవడం' అంటే ఎలా ఉంటుందని మళ్లీ అడిగింది. పర్యవేక్షణ కంటే నయమే గానీ అందులో వినే మనిషి కనబడటం లేదన్నాను. ఇంకా వెతుకుతున్నాం.